మూడో క్లాస్‌లో డ్రాయింగ్ పీరియడ్ పోయింది, స్కూల్ వాళ్లతో ఎలా మాట్లాడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చిన్ని_వాళ్లమ్మ:

అందరికీ నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మా పాప మూడో క్లాస్. పోయినేడు దాకా వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు, ఒక పాటల పీరియడ్ ఉండేవి. ఈ సంవత్సరం టైమ్‌టేబుల్‌లో డ్రాయింగ్ ఒక్కటే మిగిలింది, అదీ పేరుకే, పాపని అడిగితే ఆ టైమ్‌లో ఎక్కాలు రాయిస్తున్నారంట, లేదంటే డిక్టేషన్ అంట. పాటల పీరియడ్ ఊసే లేదు.

నాకు బొమ్మలు గీయడం రాదు, పాడటం రాదు, ఇన్నాళ్లూ ఈ విషయం పెద్దగా పట్టించుకున్నదాన్ని కూడా కాదు. నన్ను కదిలించింది ఒక బస్సు బొమ్మ. పాప నోట్‌బుక్‌లో బస్సు గీసింది, నాలుగు చక్రాలూ ఒకే వరసలో కనిపిస్తున్నాయి, బస్సు గోడలోంచి లోపల కూర్చున్నవాళ్లంతా తల నుంచి చెప్పుల దాకా కనిపిస్తున్నారు, డ్రైవర్ మాత్రం అందరికంటే పెద్దగా ఉన్నాడు, ఒక ముసలావిడ చేతిలో సంచి, ఆ సంచిలో ఉన్న గొడుగు కూడా కనిపిస్తోంది. దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి "బస్సు ఇలా ఉండదు" అని రాశారు. ఆ రోజు నుంచి మా పాప ఏం గీయమన్నా "నువ్వు గియ్యమ్మా, నేను రంగులేస్తా" అంటోంది. ఏడేళ్ల పిల్ల నాకు రాదు అని తేల్చేసుకుంది, అది నాకు మింగుడు పడటం లేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో లేచి అడిగాను. ఒకాయన "ముందు మార్కుల సంగతి అడగండి మేడమ్" అన్నారు, నలుగురైదుగురు తలూపారు. హెడ్ మేడమ్ మర్యాదగానే మాట్లాడారు కానీ "దీనివల్ల చదువు మెరుగవుతుందని చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. ఏం చూపించాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? స్కూల్ మారడం కుదరదు, గొడవ పడటం నాకు ఇష్టం లేదు, అలాగని ఊరుకోవాలనీ లేదు. మీలో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే ఎలా చేశారో చెప్పండి ప్లీజ్.

పాత_చొక్కా:

చిన్ని వాళ్లమ్మ గారూ, ముందు ఆ బస్సు బొమ్మ గురించి చెప్తా, అది తప్పు బొమ్మ కాదండీ, ఆ వయసుకి అచ్చం రావాల్సిన బొమ్మ అది. పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లోనే వివరంగా రాశాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కళ్లకు కనిపించేది గీయరు, తమకు తెలిసింది గీస్తారు. బస్సులో మనుషులున్నారని తెలుసు కాబట్టి గోడ అడ్డం రాదు, డ్రైవర్ ముఖ్యం కాబట్టి డ్రైవర్ పెద్ద. సంచిలో గొడుగు కూడా గీసిందంటే ఆ పిల్ల ఎంత గమనించి ఉండాలి చెప్పండి. తొమ్మిది పది దాటాక వాళ్లంతట వాళ్లకే "నిజంగా ఉన్నట్టు రావాలి" అనే పట్టుదల వస్తుంది, సరిగ్గా అక్కడే చాలామంది "నాకు రాదు" అని వదిలేస్తారు. మీ పాపకి ఆ మాట రెండేళ్లు ముందే వచ్చేసింది, ఎర్ర ఇంటూ వల్ల.

ఇక నా సంగతి. మా బాబు రెండో క్లాస్‌లో ఉండగా మొదలుపెట్టా, ఇప్పుడు వాడు ఏడో క్లాస్, స్కూల్ కూడా మారిపోయాడు, నేను మాత్రం ఇప్పటికీ ఆ చిన్న స్కూల్‌కి నెలకి రెండుసార్లు వెళ్తున్నా. మొదటి ఏడాది నేను చేసింది అంతా వృథా అయింది. మూడు పేజీల లెటర్ రాశా, ఆర్ట్ టీచర్ కావాలి, మ్యూజిక్ కావాలి, డ్రామా కావాలి, రూమ్ కావాలి అని. కోపంగా రాశా. చదివి పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆరు నెలలు నన్ను చూస్తే ఆఫీస్ రూమ్‌లో అందరూ బిజీ అయిపోయేవాళ్లు.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఒకసారి బాబు క్లాస్ బయట గోడ మీద చిలక బొమ్మలు అంటించారు. మొత్తం ఇరవై ఎనిమిది చిలకలు, ఒకటే అచ్చు, అందరూ అదే ఆకుపచ్చ, అదే ఎర్ర ముక్కు. పేర్లు చదవకపోతే ఎవరిది ఏదో తెలీదు. నేను ఆ గోడ ముందు నిలబడి మా వాడి చిలక ఏదో వెతుక్కుంటుంటే క్లాస్ టీచర్ వచ్చారు, నేనేం గొడవ పెట్టుకోలేదు, "మేడమ్, ఒక్కసారి అచ్చు లేకుండా ఖాళీ కాగితం ఇచ్చి చూద్దామా, కాగితాలు నేను తెస్తా, శుభ్రం చేసేది కూడా నేనే" అన్నా. ఒప్పుకున్నారు. ఒక్క పీరియడ్.

ఆ ఒక్క పీరియడ్‌లో ఆకుల ముద్రలు వేయించా. రాలిన ఆకులు పిల్లలే ఏరుకొచ్చారు. ఇందులో ఒక చిన్న కిటుకుంది, రంగు ఆకు పైవైపు కాదు, వెనక వైపు పూయాలి, ఈనెలు అక్కడ ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి ముద్ర చక్కగా పడుతుంది. రంగు పల్చగా పూయాలి, ఎక్కువైతే మొత్తం మరకే. పైన పాత కాగితం వేసి అరచేత్తో మధ్యలోంచి అంచులకి నొక్కాలి. ఒక పాప గడ్డిపోచతో కూడా వేసి "దీనికి వలలాగా లేదు, అన్నీ గీతలే పక్కపక్కన ఉన్నాయి" అంది. టీచర్ గబుక్కున బోర్డు మీద జాలాకార ఈనెల వ్యాపనం, సమాంతర ఈనెల వ్యాపనం అని రాశారు, అది పై తరగతుల పాఠం అంట, అప్పటికప్పుడు అక్కడే చెప్పేశారు. ఆ రోజు ముద్రలు గోడ మీద పెడితే ఏ రెండూ ఒకలా లేవు, ప్రతి అమ్మా నాన్నా ఆగి చూశారు. మూడు పేజీల లెటర్ చేయలేనిది ఆ గోడ చేసింది.

కాబట్టి నా సలహా ఒక్కటే, పెద్ద కోరికల లిస్ట్ తీసుకెళ్లకండి, ఒక్కటి అడగండి. టైమ్‌టేబుల్‌లో ఉన్న ఆ ఒక్క పీరియడ్‌ని ఎవరూ తీసుకోకుండా ఉంచమనండి. కొత్తది ఇమ్మనడం కంటే ఉన్నది కాపాడమనడం తేలిక, వాళ్లకి కాదనడానికి కారణం కూడా దొరకదు.

ఐదో_క్లాస్_టీచర్:

నేను ప్రైమరీ టీచర్‌ని, పదకొండేళ్లుగా చెప్తున్నా, మా వైపు నుంచి కూడా రెండు మాటలు. డ్రాయింగ్ పీరియడ్ మేం ఇష్టపడి తీసుకోమండీ. సిలబస్ వెనకబడితే అడిగేది మమ్మల్నే, టెస్ట్‌లో మార్కులు తగ్గితే మళ్లీ మమ్మల్నే, డ్రాయింగ్ జరగలేదని ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి అడగలేదు. అడగనిది ముందు పోతుంది, అంతే. మీరు అడగడమే పెద్ద సహాయం, నిజంగా చెప్తున్నా.

ఇంకోటి, చాలామంది టీచర్లకి భయం. నాకు కూడా ఉండేది. నాకే గుర్రం గీయడం రాదు, పిల్లలకి ఏం నేర్పిస్తా అనుకుని అచ్చు బొమ్మలు ఇచ్చేసేదాన్ని, రంగు బయటికి పోకుండా వేస్తే గుడ్ అని రాసేదాన్ని. మా దగ్గరికి ఒక ఆర్ట్ మాస్టారు రెండు రోజుల ట్రైనింగ్‌కి వచ్చారు, ఆయన చెప్పిన ఒక్క విషయం నాకు బాగా పనికొచ్చింది. పిల్లవాడు బొమ్మ చూపించగానే "బాగుంది" అనీ అనొద్దు, "ఇదేంటి" అనీ అడగొద్దు, "దీని గురించి చెప్పు" అనాలి. అంతే తేడా, కానీ పిల్లలు ఆగకుండా మాట్లాడతారు. మా క్లాస్‌లో ఒక బాబు రెండు నెలలు నోరు విప్పలేదు, కాగితమంతా నల్ల క్రేయాన్‌తో రుద్దేసి తెచ్చాడు, నేను పాత అలవాటు ప్రకారం అయితే "ఇదేం బొమ్మరా" అనేదాన్ని, ఆ రోజు "చెప్పు" అన్నాను. "కరెంట్ పోయినప్పుడు మా ఇల్లు, ఇక్కడ అమ్మ ఉంది, కనపడదు" అన్నాడు, కాగితం మూల వేలు పెట్టి చూపించాడు. అక్కడ నిజంగానే క్రేయాన్ కింద చిన్న మనిషి ఉంది.

ఎర్ర ఇంటూ కొట్టిన ఆ టీచర్ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడకి కూడా ఎవరూ చెప్పి ఉండరు. అందరి ముందు కాకుండా విడిగా కలిసి, బొమ్మ చూపించి, పాప ఆ బొమ్మ గురించి ఏం చెప్పిందో చెప్పండి. గొడుగు సంగతి తప్పకుండా చెప్పండి.

ప్రాక్టికల్‌గా ఇంకో మాట, నలభై నిమిషాల పీరియడ్ రంగులకి చాలదు. పంచడానికి పది నిమిషాలు, కడగడానికి పది నిమిషాలు, మిగిలేది ఇరవై. వారానికొకటి బదులు రెండు వారాలకి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి ఇమ్మనండి. మొత్తం టైమ్ అంతే, హెడ్‌కి ఒక్క నిమిషం కూడా నష్టం లేదు, పిల్లలకి మాత్రం ఒకేసారి గంట పని దొరుకుతుంది.

ఇద్దరి_నాన్న:

నేను వేరేగా ఆలోచించేవాణ్ణి, తప్పుగా అనుకోవద్దు. మా చిన్నోడికి నాలుగో క్లాస్‌కి వచ్చినా చదవడం సరిగ్గా రాలేదు, ఒక వాక్యం చదవడానికి చెమటలు పట్టేవి. అలాంటి పిల్లాడికి ఉన్న టైమ్‌లో ఒక పీరియడ్ తగ్గించి బొమ్మలకి ఇవ్వమంటే నాకు భయమేస్తుంది. బొమ్మలు ఇంట్లో కూడా గీసుకోవచ్చు కదా, ఇష్టమున్నవాళ్లు క్లాసులకి పంపించుకోవచ్చు. బడి ముందు చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి. ఆర్ట్ వల్ల తెలివి పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయి అని అందరూ అంటారు, నిజంగా ఎవరైనా లెక్క తీశారా? ఉంటే చెప్పండి, వినడానికి రెడీగా ఉన్నా.

పాత_చొక్కా:

ఇద్దరి నాన్న గారూ, మీ భయం న్యాయమైనదే, మంచి ప్రశ్న అడిగారు. మార్కులు పెరుగుతాయి అనే వాదన నేను కూడా మొదట్లో వాడా, తర్వాత మానేశా, ఎందుకో చెప్తా.

మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందని విని ఉంటారు. అది 1993లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం, చేసింది కాలేజీ స్టూడెంట్ల మీద, ముప్పై ఆరు మంది, ఒక రకం పజిల్స్‌లో కొంచెం మెరుగ్గా చేశారు, ఆ తేడా కూడా పది పదిహేను నిమిషాలే ఉంది. దాన్ని పట్టుకుని పసిపిల్లలకి సీడీలు అమ్మేశారు. నేను ఆ సంగతి ఒక మీటింగ్‌లో గొప్పగా చెప్తే, సైన్స్ తెలిసిన ఒక నాన్న లేచి పై వివరాలన్నీ చెప్పారు, ఆ రోజుతో నా మాట మీద నమ్మకం పోయింది, తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది. అందుకే చిన్ని వాళ్లమ్మ గారూ, హెడ్ మేడమ్ "చూపించండి" అన్నారని దొరికిందల్లా పట్టుకెళ్లకండి.

గట్టిగా చెప్పుకోగలిగింది ఒకటుంది. అమెరికాలో హ్యూస్టన్‌లో 42 స్కూళ్లలో, పదివేల మందికి పైగా పిల్లలతో చేసిన స్టడీ, 2019లో వచ్చింది. ఏ స్కూళ్లకి ఎక్కువ కళలు ఇవ్వాలో లాటరీ తీసి నిర్ణయించారు, అందుకే నమ్మొచ్చు, లేకపోతే డబ్బున్న స్కూళ్లలో ఆర్ట్ ఉంటుంది, మార్కులూ ఉంటాయి, దేనివల్ల ఏదో తెలీదు. ఫలితం ఏంటంటే, క్రమశిక్షణ తప్పి చర్యలదాకా వెళ్లిన పిల్లల శాతం 3.6 పాయింట్లు తగ్గింది, రాయడంలో మెరుగుపడ్డారు, ఎదుటివాళ్ల బాధ పట్టించుకోవడం కొంచెం పెరిగింది. లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఉన్నదున్నట్టు ఇలాగే చెప్పండి, లెక్కల్లో తేడా రాలేదనేది కూడా దాచొద్దు, అప్పుడే మిగతాది నమ్ముతారు.

ఇంట్లో గీసుకోవచ్చు అన్నారు, నిజమే, ఇంట్లో రంగులు కొనగలిగినవాళ్లు, పక్కన కూర్చునే టైమ్ ఉన్నవాళ్లు చేయించుకుంటారు. క్లాస్‌లో సగం మందికి అది ఉండదు. బడిలో తీసేస్తే వాళ్లకి ఇక ఎక్కడా దొరకదండీ, నేను ఐదేళ్లుగా తిరుగుతున్నది నా కొడుకు కోసం కాదు, వాడికి ఇంట్లో దొరికేది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ ఆర్టికల్ ఉంది, ఆటా విశ్రాంతితో పాటు కళల్లో పాల్గొనడం కూడా ప్రతి పిల్ల హక్కు అని, అందరికీ సమానంగా అవకాశం ఉండాలని రాసుంది. మార్కులు పెరిగితేనే ఇవ్వాలని అందులో లేదు.

తెర_వెనకాల:

ఇద్దరి నాన్న గారికి నాదొక మాట. చదవడం రాని పిల్లాడి గురించి చెప్పారు కదా, బొమ్మల సంగతి పక్కన పెట్టండి, నాటకం ట్రై చేశారా? నేను పిల్లలతో నాటకాలు వేయిస్తుంటా. చదవడం కష్టమైన పిల్లలు పాఠం ఒకసారి చదవడానికే భయపడతారు, అదే పాఠంలో వాడు పులి అయితే ఆ నాలుగు లైన్లు నలభైసార్లు చదువుతాడు, ఎవరూ చదవమని చెప్పక్కర్లేదు. తన లైన్ ఎప్పుడొస్తుందో తెలియాలంటే పక్కవాడి లైన్ కూడా కళ్లతో ఫాలో అవ్వాలి, అది కూడా చదవడమే. కళలకీ చదువుకీ సంబంధం మీద వచ్చిన స్టడీలన్నీ 2000లో ఒకచోట చేర్చి చూస్తే చాలా వాటిలో గట్టి ఆధారం దొరకలేదు, నిలబడిన కొన్నిటిలో కథని క్లాస్‌లో నటించి చూపించడం వల్ల భాష మెరుగవుతుందనేది ఒకటి. స్టేజీ, డ్రెస్సులు ఏమీ అక్కర్లేదు, బెంచీలు వెనక్కి జరిపితే చాలు, పీరియడ్ కూడా విడిగా అడగక్కర్లేదు, భాష పీరియడ్‌లోనే అయిపోతుంది.

ఒక హెచ్చరిక మాత్రం, మొహమాటం ఉన్న పిల్లల్ని మొదటి రోజే ముందుకి తోయొద్దు. మొదట చప్పుళ్లు చేసే పని ఇవ్వండి, వాన, గాలి, తలుపు చప్పుడు. వాళ్లే వస్తారు.

ఐదో_క్లాస్_టీచర్:

ఇంకోటి మర్చిపోయా. స్కూళ్లు ఆర్ట్ అనగానే వెంటనే పోటీ పెట్టేస్తాయి, ఫస్ట్, సెకండ్, సర్టిఫికెట్. దానికి వెంటనే సరే అనకండి. 1973లో చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు, బొమ్మలంటే ఇష్టమున్న పిల్లలకే ముందుగా "గీస్తే బహుమతి ఇస్తాం" అని చెప్పి ఇచ్చారు, ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్లు గీసిన టైమ్‌లో దాదాపు సగమే గీశారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏమీ కాలేదు. పోటీ రోజున ముగ్గురు నవ్వుతారు, మిగతా పాతిక మంది "నాకు రాదు" అనుకుని ఇంటికెళ్తారు. అందరివీ గోడ మీద పెట్టమనండి, పిల్లల కంటి ఎత్తులో.

చిన్ని_వాళ్లమ్మ:

నెల తర్వాత వచ్చి రాస్తున్నా, ఆలస్యానికి సారీ, అందరికీ చాలా థాంక్స్ అండీ.

ముందు క్లాస్ టీచర్‌ని విడిగా కలిశా. బొమ్మ చూపించి, పాపని అడిగితే తను చెప్పింది చెప్పా, ఆ ముసలావిడ గొడుగు బయట పెట్టుకుంటే తడిసిపోతుందని సంచిలో దాచుకుందంట. టీచర్ కాసేపు ఆ బొమ్మనే చూశారు, "నేను నోట్‌బుక్కులు దిద్దే వేగంలో కొట్టేశానండీ" అన్నారు, మర్నాడు పాపని పిలిచి బస్సు గురించి అడిగారంట. నేను వెళ్లేటప్పుడు ఆవిడతో గట్టిగా మాట్లాడాలనే వెళ్లా, మీరు చెప్పకపోతే అదే చేసేదాన్ని.

హెడ్ మేడమ్ దగ్గరికి ఇద్దరు అమ్మలు, ఒక నాన్న తోడొచ్చారు. హ్యూస్టన్ సంగతి చెప్పా, లెక్కల్లో తేడా రాలేదని కూడా చెప్పా, అది చెప్పగానే మేడమ్ తలెత్తి చూశారు, "రాలేదని మీరే చెప్తున్నారా" అన్నారు. ఆ తర్వాత మాట్లాడిన తీరు మారింది. పాటల పీరియడ్‌కి ఒప్పుకోలేదు, ఈ సంవత్సరం కుదరదని ఖచ్చితంగా చెప్పేశారు, అది నాకింకా బాధగానే ఉంది, వదలను. డ్రాయింగ్ మాత్రం రెండు వారాలకి ఒక డబుల్ పీరియడ్, అందులో వేరే సబ్జెక్ట్ చెప్పరు, ప్రతిసారీ ఇద్దరు పేరెంట్స్ వచ్చి పంచడం, కడగడం చూసుకోవాలి అనే షరతు. టర్మ్ అయ్యాక మళ్లీ కూర్చుని మాట్లాడదాం అన్నారు.

పాప ఇంకా ఇంట్లో "నువ్వే గియ్యమ్మా" అంటూనే ఉంది. నేను బలవంతం చేయట్లేదు, నా బొమ్మ నేను గీసుకుంటున్నా పక్కన కూర్చుని, మొన్న నా బొమ్మలో తలుపుకి గడియ లేదని తనే పెట్టింది.

ఇక పనిలో పని ఒక డౌట్. మొదటిది ఆకుల ముద్రలే అనుకున్నాం, వచ్చే గురువారం. బట్టల మీద రంగు పడితే ఇంట్లో గొడవలవుతాయని మీ పేరు చూసే ఐడియా వచ్చింది పాత చొక్కా గారూ, పెద్దవాళ్ల పాత చొక్కాలు వెనక్కి తిప్పి వేసి గుండీలు వీపు వైపు పెడదామని. ముప్పై ఒక్క మంది పిల్లలు, ఇరవై చొక్కాలు పోగయ్యాయి. చేతులు పొడుగైతే కత్తిరించాలా, మడిస్తే ఆగుతాయా?

పాత_చొక్కా:

కత్తిరించేయండి మోచేతి వరకు, మడిస్తే రంగులో మునుగుతాయి. నీళ్ల డబ్బాలు నలుగురికొకటి పెట్టండి, సగానికే నింపండి. తడి ఆకులు తేవద్దని ముందురోజే చెప్పండి, రంగు పట్టదు. అన్నిటికంటే ముందు, ఆరబెట్టడానికి చోటు చూసుకోండి, ముప్పై ఒక్క తడి కాగితాలు ఎక్కడ పెట్టాలో చివరి ఐదు నిమిషాల్లో తేలదు, మేం కారిడార్‌లో తాడు కట్టి క్లిప్పులు పెట్టాం.

ఇద్దరి_నాన్న:

నా దగ్గర ఆరు చొక్కాలున్నాయి, పంపిస్తా, అడ్రస్ మెసేజ్ చేయండి. తెర వెనకాల గారూ, మావాడి టీచర్‌తో మాట్లాడా, నక్క వేషం ఇచ్చారు. ఇంట్లో ఆ నాలుగు లైన్లు చదువుకుంటూ తిరుగుతూనే ఉన్నాడు. ఐదో లైన్ కూడా కావాలంట.